మగని కోపమునకు మన్నింపు

మదరాసు సెంట్రల్ స్టేషనునకు ఉత్తరమున, పెరియమేటు, వేపేరి, పురశవాక్కముల నడుమ చూలై యను పేట కలదు. ఇటుకలును కుండలును కాల్చు ఆవములను బట్టి దానికా పేరు వచ్చెనందురు. చూలై మిల్లు నడచిన కాలమున కూలి కుటుంబములతో క్రిక్కిరిసియుండిన పేట అది. పాత కోర్టు వార్తలయందు అభిరుచి గలవారికి ఆ ప్రాంతము పేరు చెప్పగానే స్ఫురించునది లక్ష్మీకాంతన్ ఖూనీ కేసు. 1944 నవంబరు 8వ తేదీన వేపేరిలో తన వకీలు ఇంటినుండి మరలి వచ్చుచున్న ఆ పత్రికా సంపాదకుని పొడిచిరి, మరునాడతడు చనిపోయెను. త్యాగరాజ భాగవతారు, ఎన్.ఎస్. కృష్ణన్ అను ప్రసిద్ధ నటులు ముద్దాయిలగుటచే ఆ కేసు దేశమంతట మారుమ్రోగెను. అది ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, మరల హైకోర్టునకు వచ్చి, 1947లో వారి విడుదలతో ముగిసెను. దానిని గూర్చి నేటికిని పుస్తకములు వెలువడుచునే యున్నవి.

అయితే చూలైవంటి పేటలందును, తక్కిన తెలుగు తమిళ సీమలందును అంతకంటె తరచుగ జరుగు ఖూనీ వేరొకటి కలదు. దానికి నటులును అక్కరలేదు, ప్రీవీ కౌన్సిలును అక్కరలేదు. మగనితో పడక భార్య పుట్టింటికి వచ్చును. కొన్నాళ్లు పెద్దలు రాయబారములు నడపుదురు. ఒకనాడు భర్త మాట్లాడి పోవుదునని వచ్చును. మరునాటి పత్రికలో లోపలి పుటయందు నాలుగు పంక్తుల వార్త పడును. ఆ నాలుగు పంక్తులలో మూడు మాటలు తరచుగ కానవచ్చును: శీలమును శంకించి, కాపురమునకు రానన్నందున, ఆవేశమునకు లోనై. ఈ మూడును భర్త చెప్పిన మాటలే. విలేఖరి వానిని పోలీసు వారినుండి తెచ్చుకొనును. పోలీసు వారు ముద్దాయినుండి తెచ్చుకొందురు. చనిపోయిన స్త్రీ ఏమనెనో ఆ వార్తలో నుండదు.

వార్తాపత్రికలోని ఈ మూడు మాటలు న్యాయస్థానములోనికి ఎట్లు ప్రవేశించినవో, ప్రవేశించి ఎంత గౌరవము పొందినవో విచారించుట మా ఉద్దేశము. ఇది కేవలము వకీళ్లకు సంబంధించిన విషయము కాదు. ఒక స్త్రీ భర్తను విడిచి వచ్చినపుడు ఆమె ప్రాణమునకు చట్టము ఎంత వెల కట్టుచున్నదను ప్రశ్న యిది.

ముందుగా మూలమును చూతము. హత్య చేసినవాడు తీవ్రమును ఆకస్మికమును అగు ప్రకోపనము వలన తన్ను తాను నిగ్రహించుకొను శక్తిని కోల్పోయి చంపినచో, అది ఖూనీ కాదు, ఖూనీ కంటె తక్కువదగు నరహత్య మాత్రమే యని 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి 300వ సెక్షను మొదటి మినహాయింపు చెప్పెను. ఖూనీకి మరణశిక్షయో యావజ్జీవ శిక్షయో తప్పదు. నరహత్యకు పదియేండ్ల లోపుగ ఎంతకైనను శిక్షను తగ్గింపవచ్చును. మినహాయింపులో భార్య యని గాని భర్త యని గాని ఒక్క మాట లేదు. చూచుటకు అది అందరికిని వర్తించు దయామయమైన నిబంధన. కాని దాని పుట్టుక యెక్కడో తెలిసికొన్నచో ఆ దయ ఎవరికొరకు తయారైనదో తేటపడును.

1671లో ఇంగ్లండున మానింగ్ అనువాడు తన భార్యతో నున్న జారుని చూచి అక్కడికక్కడే చంపెను. న్యాయమూర్తులు ఖూనీ కాదని తేల్చి, చేతిపై వాతపెట్టు శిక్ష విధించుచు, అంతకు మించిన ప్రకోపనము ఉండజాలదు గనుక ఆ వాతయు మెల్లగ పెట్టుమనిరి. 1707లో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఈ దయకు కారణము కూడ వివరించెను. పరుని భార్యను పొందుట పరుని ఆస్తిపై జరుగు ఆక్రమణములలో కెల్ల పెద్దదని ఆయన యభిప్రాయము. భార్య ఆస్తి, జారుడు ఆక్రమణదారు, భర్త సొత్తు పోగొట్టుకొన్నవాడు. మెకాలే ప్రభృతులు 1837లో మన శిక్షాస్మృతి ముసాయిదా కూర్చినపుడు ఈ పాత ఆంగ్ల న్యాయమును చక్కదిద్ది, కులమత లింగ భేదము లేని భాషలో పెట్టిరి. భాష మారెను గాని లోని పెరటి గోడలు అట్లే నిలిచినవి.

మదరాసు హైకోర్టు ఈ మినహాయింపునకు మొదట అర్థము చెప్పిన తీర్పులలో ఒకటి తెలుగువాని కేసే. 1881 నాటి బోయ మునిగాడు కేసు మదరాసు లా రిపోర్టుల మూడవ సంపుటమున కలదు. మునిగాడు కూలివాడు. తన భార్య తన బద్ధశత్రువుతో కూడియుండగా చూచెను. ఆ రాత్రి అన్నము తినలేదు. మరునాటి ఉదయమున కూలి డబ్బులకై రైతుల యొద్దకు పోయెను. అప్పుడు భార్యయు ఆ పురుషుడును కలసి భోజనము చేయుచుండుట కంటబడెను. కొడవలితో అతనిని చంపెను. రాత్రి చూచినది వేరు, ఉదయము చూచినది వేరు. నడుమ ఒక రేయి గడచినది. కావున ఆకస్మికము కాదని ప్రభుత్వపక్షము వాదింపవచ్చును. హైకోర్టు అట్లనలేదు. రాత్రి చూచినదానితో ఉదయము చూచినదానిని అతడు జోడించుకొనక తప్పదనియు, ఇక దాపరికము కూడ వదలి తన యింటనే ఆ సంబంధమును సాగింపదలచిరని అతనికి తోచుట సహజమనియు, అది చాలినంత ప్రకోపనమే యనియు న్యాయమూర్తులు తీర్మానించిరి.

ఈ తీర్పునందు మానవ హృదయమునెరిగిన లక్షణము కలదని మేము కాదనము. అన్నము తినని రాత్రిని గూడ లెక్కలోనికి తీసికొన్న న్యాయమూర్తులను కఠినులని ఎవ్వరనగలరు? అచ్చట చనిపోయినవాడు శత్రువు. కాని తలుపు ఒకసారి తెరచినపిమ్మట దానిగుండ ఎవరు నడచిరో చూడవలయును. మునిగాని వెనుక వచ్చినవారిలో భార్యలను చంపిన భర్తలు కలరు.

1957లో మదరాసు హైకోర్టు మురుగియన్ కేసులో ఇట్లు తీర్మానించెను: భార్య వ్యభిచరించుటయే కాక, ఇకముందును అట్లే చేయుదునని భర్త యెదుటనే ప్రతిన పట్టి, అడ్డు చెప్పినందుకు అతనిని దూషించినచో, ఆమెను చంపిన భర్తకు మొదటి మినహాయింపు వర్తించును. మరుసటి సంవత్సరపు రిపోర్టులలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టువారు తీర్మానించిన సి. నారాయణ్ కేసు కనబడును. ముద్దాయి పడుచువాడు. భార్య క్రొత్తగా కాపురమునకు వచ్చినది. ఆమె నడవడిని గూర్చి అతనికి లోలోపల శంక యుండెను. ఆమె తనకు అన్యునితో సంబంధము కలదనియు, అతనివలన గర్భవతినైతిననియు ఒప్పుకొనెను. అతడామె గొంతు నులిమి చంపెను. అదియు మినహాయింపులోనికే వచ్చునని హైకోర్టు చెప్పెను.

ఇచ్చట మేము కొంచెము ఆగవలసియున్నది. మునిగాడు తన కన్నులతో చూచినదానికి కోపించెను. ఈ రెండు కేసులలో కోపమునకు కారణము కంటికి కనబడినది కాదు, చెవికి వినబడినది. అదియు చనిపోయిన స్త్రీ నోటినుండి వచ్చినదట. నాలుగు గోడల నడుమ భార్య భర్తతో ఏమనెనో చెప్పుటకు తరచుగ ఒక్కడే మిగిలియుండును, అతడామెను చంపినవాడు. మినహాయింపు వర్తించునని రుజువు చేయు భారము ముద్దాయిదే యని సాక్ష్యచట్టము చెప్పును, నిజమే. కాని ఆ రుజువు సందేహరహితముగ నుండనక్కరలేదు. సంభవమని తోచిన చాలును. మరణవాఙ్మూలము ఇయ్యలేని మృతురాలి నోట ముద్దాయి ఏ మాట పెట్టినను, కాదనుటకు ఆమె లేదు. క్రాసు పరీక్ష చేయుటకు వీలులేని ఈ సాక్షి మాటను ముద్దాయి నోటిద్వారా విని, దానినిబట్టి ఆమె హత్యకే శిక్ష తగ్గించుట విచిత్రముగ లేదా?

ఇంగ్లండులో ఈ ప్రమాదమును ముందే కనిపెట్టిరి. 1946లో హోమ్స్ కేసున ప్రభువుల సభ, భార్య తన జారత్వమును మాటలతో ఒప్పుకొన్నంత మాత్రమున భర్తకు ఖూనీనుండి మినహాయింపు రాదని తేల్చెను. మురుగియన్ తీర్పు వచ్చిన 1957వ సంవత్సరముననే ఆంగ్లేయులు తమ హత్యాచట్టమును సవరించి మాటలకు గూడ తావిచ్చిరి. దాని ఫలితమును వారు యాబదియేండ్లు అనుభవించి పిమ్మట ఏమి చేసిరో ముందు చెప్పెదము.

తెలుగువారికి గర్వకారణమైన పేరు ఒకటి ఈ కథలో వచ్చును. నానావతి కేసు తీర్పును వ్రాసినవారు రాజమహేంద్రవరములో జన్మించి, మదరాసులో వకీలై, ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, సుప్రీము కోర్టునకు వెళ్లిన కోకా సుబ్బారావుగారు. 1959 ఏప్రిలు 27వ తేదీన బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి, తన భార్య ఒప్పుకోలు విని, ఆమెను పిల్లలను సినిమాకు దిగవిడిచి, ఓడకు పోయి రివాల్వరు తీసికొని, ఆహుజా ఇంటికి పోయి అతనిని కాల్చెను. జూరీలో ఎనమండుగురు నిర్దోషి యనిరి, ఒక్కరు కాదనిరి. సెషన్సు జడ్జి ఆ తీర్పును అంగీకరింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు ఖూనీ యనెను. 1961 నవంబరు 24న సుప్రీము కోర్టు దానిని ధ్రువపరచెను. బోయ మునిగాడు, మురుగియన్, సి. నారాయణ్ కేసులన్నిటిని సుబ్బారావుగారు ఆ తీర్పులో ఉదాహరించి చర్చించిరి. ముద్దాయి సమాజవర్గమునకు చెందిన సాధారణ బుద్ధిమంతుడు ఆ పరిస్థితిలో నిగ్రహము కోల్పోవునా యనునది పరీక్ష. మాటలును సైగలును ప్రకోపనము కావచ్చును. మృతుని పూర్వ ప్రవర్తనను లెక్కింపవచ్చును. కాని కోపము చల్లారుటకు వేళ చిక్కినపిమ్మట వేసిన దెబ్బకు మినహాయింపు లేదు. నానావతికి ఇల్లు విడిచినప్పటినుండి తుపాకి ప్రేలువరకు మూడు గంటలు చిక్కినవి. కావున ఖూనీయే. ఆయనను 1964లో గవర్నరు క్షమించుట వేరొక కథ.

ఈ తీర్పులోని చివరి సూత్రము మా విషయమునకు ప్రాణము. వేరుపడిన భార్యను చంపవచ్చిన భర్త తన యింటినుండి ఆమె యింటికి నడచి వచ్చును, లేక రైలెక్కి వచ్చును. కత్తి దారిలో దొరకదు. ఇంటినుండి తెచ్చును, లేక అంగడిలో కొనును. ఆమె వెళ్లిపోయి నెలలైనది, ఒక్కొక్కప్పుడు సంవత్సరములైనది. మూడు గంటలు చాలునన్న చోట మూడు నెలలు చాలవా? అంతియే కాదు. ముద్దాయి తానై కోరి తెచ్చుకొన్న ప్రకోపనము చెల్లదని మినహాయింపు క్రిందనే మొదటి షరతు కలదు. ఆమె నోటినుండి కాదను మాట వచ్చునని తెలిసియే ఆమె గుమ్మము త్రొక్కినవాడు ఆ కాదను మాటను కోరి తెచ్చుకొన్నవాడు కాడా? చట్టమును చట్టమువలె చదివినచో వేరుపడిన భర్తకు ఈ మినహాయింపునందు చోటు లేదనియే మా అభిప్రాయము. అయినను ముద్దాయి వకీలు ఈ వాదమును మానడు. ఆ సమయమున ఆమె ఒక దుర్భాష ఆడెననియు, క్రొత్త కోపము అప్పుడు పుట్టెననియు చెప్పించును. వృత్తిధర్మముగ అతడది చేయక తప్పదు. దానిని నమ్ముటకు మన సమాజము సిద్ధముగ నుండుటయే మాకు చింత.

సమాజము సిద్ధముగ నుండుట క్రొత్త సంగతి కాదు. 1873 మే 27వ తేదీన బంగాళములో, తారకేశ్వరము దగ్గరి గ్రామమున, నబీనచంద్ర బందోపాధ్యాయుడు పదునారేండ్ల తన భార్య ఎలోకేశిని మెడ నరికి చంపెను. అతడు కలకత్తాలో ఉద్యోగి; ఆమె తండ్రి యింట నుండెను. తారకేశ్వర మహంతు ఆమెను చెరచెనని లోకమున ప్రాకెను. భర్త తానే పోయి పోలీసు వారికి లొంగిపోయెను. జూరీ అతడు పిచ్చివాడని విడిచిపెట్టుమనెను, జడ్జి అంగీకరింపలేదు, హైకోర్టు యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించెను. మహంతునకు మూడేండ్ల ఖైదు. పిమ్మట వేలకొలది జనులు నబీనుని పక్షమున మనవులు పెట్టుకొనగా 1875లో ప్రభుత్వము అతనిని విడిచెను. కలకత్తా నాటకశాలలు ఆ కథతో నిండినవి. కాళీఘాటు చిత్రకారులు ఆ నరకుటను రంగులలో వ్రాసి అమ్మిరి. నబీనుడు భార్యను ప్రేమించినవాడని జనులు కన్నీరు పెట్టుకొనిరి. తండ్రి యింట, మహంతు చేత, భర్త చేత మూడు విధముల నష్టపడిన బాలిక తన సంగతి యేమని చెప్పెనో ఎవరును వ్రాసిపెట్టలేదు.

మదరాసునకు ఈ విద్య తెలియనిది కాదు. చూలైకి అనతిదూరమున గుజిలీ బజారులో అణాకును అర్ధణాకును అమ్మిన సన్నని పాటపుస్తకములలో ఖూనీ సింధులు ముఖ్యమైన సరకు. ఊరిలో ఒక హత్య జరిగినచో కొలది దినములలో దానిపై పాట సిద్ధమగును. వీధి మొగలో నిలిచి పాడి అమ్మువాడు అమ్మును.

ఇక విడిచి వచ్చిన భార్యయెడ చట్టము వహించిన వైఖరిని చూడవలయును. హంతకుని కోపమును మన్నించిన చట్టమే మరియొక చేతితో ఆమెను వెనుకకు లాగుచుండెను. దాంపత్యహక్కుల పునరుద్ధరణము అను దావా మన దేశమునకు ఆంగ్లేయులు తెచ్చిన సరకు. వారి చర్చి కోర్టులలో పుట్టినది. పదునొకండవ యేట పెండ్లియైన రఖ్మాబాయి బొంబాయిలో భర్త యింటికి పోననగా అతడు 1884లో దావా తెచ్చెను. మొదటి జడ్జి పిన్హే ఆ దావాను కొట్టివేసెను. కాని అప్పీలు పిమ్మట 1887లో, భర్త యింటికి పొమ్ము లేదా ఆరు నెలలు జైలుకు పొమ్మని కోర్టు ఆజ్ఞాపించెను. ఆమె జైలునే కోరుకొనెను. 1888లో వ్యవహారము రాజీయయ్యెను. ఆమె ఇంగ్లండుకు పోయి వైద్యవిద్య చదివి డాక్టరుగ తిరిగివచ్చెను. ఇట్టి డిక్రీని ధిక్కరించిన భార్యను జైలులో పెట్టు అధికారము 1923లో మాత్రమే తొలగినది. అంతవరకు మదరాసు రాజధానిలోని యే స్త్రీయైనను, కొట్టు భర్తను తప్పించుకొని వచ్చినపుడు, క్రౌర్యమును రుజువు చేయలేనిచో జైలును ఎదురుచూడవలసినదే.

ఇదంతయు పాతకాలపు మాట యనుకొందురేమో. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 9వ సెక్షనుగ ఆ దావా బ్రదికియే యున్నది. దానిని ఒకసారి చంపిన కీర్తి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుది. పదునారేండ్ల వయసున పెండ్లియాడి వెంటనే భర్తనుండి వేరైన చలనచిత్ర నటి సరితపై, అయిదేండ్ల పిమ్మట భర్త కడపలో ఈ దావా వేసెను. 1983లో జస్టిస్ పి.ఏ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిరి. స్త్రీ తన దేహమును గూర్చి, తన సంతానమును గూర్చి తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును రాజ్యము డిక్రీతో అపహరింపజాలదని ఆయన వాదన. మా దృష్టిలో తెలుగుగడ్డ మీద వెలువడిన గొప్ప తీర్పులలో అది యొకటి. మరుసటి యేట సుప్రీము కోర్టు సరోజరాణి కేసులో అది సరికాదని, 9వ సెక్షను చెల్లునని చెప్పెను.

కాపురమునకు రమ్మను డిక్రీయు, రానన్నందుకు ఎత్తు కత్తియు ఒకటేనని మేము చెప్పుట లేదు. డిక్రీ కోరువారిలో అధికులు ఎవరిని చంపబోవువారు కారు. కాని ఆమె రాక తన హక్కు అను భావమును భర్త మనస్సున నాటిన వారిలో పెద్దమనుష్యుల పంచాయతీతోపాటు న్యాయస్థానము కూడ కలదు. హక్కు చేజారినదను కోపము వేరు, మనస్సు నొచ్చిన దుఃఖము వేరు. హోల్ట్ ప్రభువు 1707లో చెప్పినది మొదటిదానిని గూర్చియే.

ఇట్లు వాదించిన మాకు ఒక గట్టి ఆక్షేపణ ఎదురగును. ప్రకోపనపు మినహాయింపును బిగించినచో, ఏండ్లతరబడి భర్త చేత దెబ్బలు తిని ఒకనాడు తిరగబడిన భార్య గతి యేమి? ఆమెకును ఇదియే కదా శరణ్యము? ఇది నిజము. మదరాసు హైకోర్టు 1989లో సుయంబుక్కని కేసులో, భర్త పెట్టు బాధ భరింపలేక బిడ్డలతో బావిలో దూకి తాను మాత్రము బ్రతికిన తల్లిని విచారించుచు, తమిళుల నల్లతంగాళ్ కథను స్మరించి, చిరకాలము పేరుకొన్న బాధయు ప్రకోపనమే కావచ్చునని చెప్పెను. ఆ తీర్పును మేము శిరసావహింతుము. తప్పించుకొను దారి లేనివాని కోపమును, తప్పించుకొనిపోయిన దానిని వెంటాడి వచ్చినవాని కోపమును ఒకే త్రాసున తూచరాదనుటయే మా మాట. మొదటివాడు బోనులో నున్నాడు. రెండవవాడు బోను తలుపు తెరచికొని పోయినదేమని అడుగుచున్నాడు.

ఈ భేదమును ఆంగ్లేయులు తుదకు గుర్తించిరి. 2009లో వారు పాత ప్రకోపన న్యాయమును పూర్తిగ రద్దుచేసి, నిగ్రహము కోల్పోవుట యను క్రొత్త నిబంధన పెట్టి, అందులో దాంపత్య ద్రోహమును కోపకారణముగ లెక్కింపరాదని స్పష్టముగ వ్రాసిరి. తీవ్రమగు హింసకు వెరచినవారికి మాత్రము చోటిచ్చిరి. మన దేశమున 2018లో సుప్రీము కోర్టు వ్యభిచారపు నేరమును, అనగా భర్త అనుమతి లేక అతని భార్యను పొందుట నేరమను 497వ సెక్షనును, కొట్టివేసెను. భార్య భర్తకు సొత్తు కాదని ఆ తీర్పు చెప్పెను. అయిదేండ్లకు పార్లమెంటు శిక్షాస్మృతిని మార్చి భారతీయ న్యాయ సంహితను చేసెను. 2024 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. 300వ సెక్షను 101 అయ్యెను. మొదటి మినహాయింపు దాదాపు అక్షరము మారక వచ్చి కూర్చున్నది. హోల్ట్ ప్రభువు ఆస్తివాదము ముందు వాకిట వెళ్లి, ప్రకోపనము పేరుతో పెరటి వాకిట నిలిచియున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

విడిచి వచ్చినామెకు నేడు ఏ సహాయమును లేదనుట మాత్రము అబద్ధమగును. నగర పోలీసు కమిషనరు కార్యాలయము 2013లో వేపేరికి మారినది. చూలై ప్రక్కనే యున్నది. తమిళనాడున మహిళా పోలీసు స్టేషనులు 1992 నుండి కలవు. గృహహింస నివారణ చట్టము 2005లో వచ్చినది. దాని ప్రకారము దరఖాస్తు చేరిన మూడు దినములలో సామాన్యముగ మొదటి విచారణ జరుగవలయును. అరువది దినములలో ముగించుటకు మేజిస్ట్రేటు ప్రయత్నింపవలయును. భర్త ఆమె యున్నచోటికి రాగూడదని ఏకపక్షముగనైనను ఉత్తర్వు చేయవచ్చును. ఉత్తర్వును మీరినచో ఒక సంవత్సరము వరకు ఖైదు. కాగితము మీద ఇది మంచి చట్టము. ఆమె భయమునకు విలువ కట్టిన మొదటి చట్టము. కాని అరువది దినములు ఎన్ని చోట్ల ఆరు నెలలై, సంవత్సరమై సాగుచున్నవో కోర్టు వరండాలలో నిలిచిన వారందరు ఎరుగుదురు. ఆ నడుమ కాలముననే ఆమె కోర్టునకు వచ్చు తేదీయు, వేళయు, దారియు భర్తకు తెలిసియుండును. సమనులో వ్రాసియుండును గదా. ఆ తేదీలందే పెద్దలు ఆమెను ప్రక్కకు పిలిచి ఒక్కసారి మాట్లాడుమందురు. అట్టి సంభాషణములను ఒంటరిగ జరుగనీయరాదు. రాజీ మాటలు మధ్యవర్తుల యెదుట, కోర్టు ఆవరణమున, వచ్చు దారియు పోవు దారియు వేరుగ నుండునట్లు జరుగవలయును. దీనికి క్రొత్త చట్టమక్కరలేదు. ఒక జిల్లా జడ్జి సర్క్యులరు చాలును.

మినహాయింపు విషయమున మాత్రము చట్టమే మారవలయును. దాని క్రింద నున్న రెండవ షరతును చదువుడు: చట్టమునకు లోబడి చేసిన పనిగాని, ప్రభుత్వోద్యోగి తన అధికారమును న్యాయముగ వినియోగించి చేసిన పనిగాని ప్రకోపనము కాజాలదు. కోర్టు అమీనా డిక్రీ పట్టుకొని ఇల్లు జప్తు చేయవచ్చినపుడు, ఎంత కోపము వచ్చినను అతనిని చంపినవానికి మన్నింపు లేదు. ఆ డిక్రీని కోర్టునుండి పొందిన భార్యకు అట్టి రక్షణ లేదు. ఈ షరతునకు ఒక వాక్యము చేర్చిన చాలును: భార్యగాని భర్తగాని వేరుగ నుండుట, తిరిగి రానొల్లకుండుట, విడాకులుగాని మనోవర్తిగాని కోరుట, మరల వివాహమాడుట మొదలగు న్యాయసమ్మతమైన పనులేవియు, వానిని గూర్చిన మాటలేవియు ప్రకోపనముగ ఎంచబడరాదు. ముద్దాయి హక్కులకు దీనివలన భంగములేదు. ఆత్మరక్షణ వాదము చెక్కుచెదరదు. సుయంబుక్కని వంటి తల్లికి గల చోటు ఆమెకుండును.

పార్లమెంటు తొందరపడునని మాకు నమ్మకము లేదు. అయితే శిక్షాచట్టము ఉమ్మడి జాబితాలోనిది. రాష్ట్రపతి సమ్మతితో రాష్ట్ర శాసనసభలు తమ తమ రాష్ట్రములకు సవరణ చేసికొనవచ్చును. ఇట్టిదానికి ఈ సీమలో పూర్వము కలదు. హిందూ స్త్రీకి విడాకుల హక్కును కేంద్రము 1955లో ఇచ్చినది. చూలైతోపాటు ఆనాడు బెజవాడయు, కర్నూలును, విశాఖపట్టణమును చేరియుండిన మదరాసు శాసనసభ ద్విభార్యాత్వమును నిషేధించి విడాకులను అనుమతించు చట్టమును 1949లోనే చేసినది.